మెడలో దిగిన మొక్కు

స్టేషన్ ఘన్‌పూర్
4 జూలై 2025

అత్తా,

ఫోన్ చేస్తే "ఆఁ? ఏందీ? జర గట్టిగ" అని నాలుగుసార్లు అడిగి, చివరికి రాజేందర్ బావ చేతికి ఇచ్చేస్తావు. ఇది బావ విని నవ్వాల్సిన సంగతి కాదు. అందుకే ఉత్తరం. నీ కొడుకు కొనిచ్చిన చెవి మిషన్‌ను నువ్వు బియ్యం డబ్బాలో దాచావని తెలిసింది. అక్కడే ఉండనీ. జఫర్‌గఢ్ పశువుల దవాఖానలో ఇరవై ఆరేళ్ళు పుండ్లు కడిగిన నీ చేతులతోనే నాకిప్పుడు పని.

మన కూరగాయల అంగడి దగ్గర ఒక కోడె తిరుగుతోంది. అది కనబడకముందే వాసన వస్తుంది. ఒంటినిండా ఎండిన బురద, రంగేదో తెలియదు. మెడ చుట్టూ వేలు పట్టేంత లోతున గాడి పడింది, అందులో పురుగులు. ఆ గాడి అడుగున తాడుంది. దూడగా ఉన్నప్పుడు ఎవరో కట్టారు. దూడ పెరిగింది, తాడు పెరగలేదు. గొంతు కింద ఏదో గడ్డ కూడా ఉంది, గట్టిగా, నిమ్మకాయంత. మేత మింగాల్సి వచ్చినప్పుడల్లా మెడ చాచి కళ్ళు మూసుకుంటుంది.

నేను రోజూ ఆ పక్కనే ఐలయ్య హోటల్ ముందు గ్రూప్స్ పుస్తకం పెట్టుకొని కూర్చుంటాను. ఇంట్లో అమ్మ టీవీ, వెనకాల రైళ్ళు; ఉన్నవాటిలో హోటలే నయం. నిన్న ప్రాథమిక విధుల పాఠం. ప్రాణుల పట్ల దయ కలిగి ఉండటం పౌరుల విధి అని ఉంది. ఐలయ్యకు చదివి వినిపించాను. "మంచిగనే రాసిండ్రు బిడ్డా. గా పుస్తకం వచ్చి తాడు కోస్తదా?" అన్నాడు. కోడె ఎవరిదని అడిగితే ఆయనా, అక్కడున్న నలుగురూ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. నేను ఏదో బూతు మాట అన్నట్టు.

పశువుల డాక్టర్ రాధ మేడం దగ్గరికి వెళ్ళాను. పట్టుకొచ్చి, యజమానితో సంతకం పెట్టిస్తే మత్తిచ్చి తాడు తీస్తానంది. పట్టుకోవడానికి నాకు ధైర్యం ఉంది కానీ తెలివి లేదు. దగ్గరికి ఎటునుంచి వెళ్ళాలో, ఈలోపు ఆ పురుగులకేం చేయాలో రాయి. తొందరగా.

అమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. నిజానికి అడగలేదు. "రాయి, లేకుంటే బాగుండదు" అంది.

నీ మేనకోడలు
శిరీష

*

భూపాలపల్లి
9 జూలై

బిడ్డా శిరీషా, సల్లగుండు.

పోస్టుమ్యాన్ నీ ఉత్తరం గోడ మీద పెట్టి పోయిండు. పిలిచే ఉంటడు, నాకెక్కడ వినొస్తది. ఆరేసిన చీరెల మీది బొగ్గు దుమ్ము దులుపుకుంట చూసిన.

ముందుగాల ఇది పట్టుకో. ఎదురుంగ పోకు, ఎనుకనుంచి పోకు. ఎడమ బుజం దిక్కు పో. చేతిల బెల్లం ముక్క ఉండాలె. మాట్లాడుకుంట పో, ఏదన్న సరే, నీ గ్రూప్సు పాఠమన్న చెప్పు. కొబ్బరినూనెల కర్పూరం పొడి కలిపి, దూది ముంచి ఆ గాడిల పెట్టు. పురుగు ఊపిరాడక బయటికొస్తది. చిమ్టాతోని తియ్యి. రేపు మళ్ళ చెయ్యి, ఎల్లుండి మళ్ళ చెయ్యి. పైన ఏపనూనె రాస్తే ఈగ వాలదు. చేతులకు తొడుగులు ఏసుకో. నేను ఎన్నడు ఏసుకోలే, నువ్వు ఏసుకో.

గాని ఎన్ని చేసినా, తాడు కోయంది లాభం లేదు. తాడున్నంత కాలం ఆ పుండు మానదు. కొయ్యి. ఎవ్వలడ్డమొచ్చినా కొయ్యి. యజమాని లేకుంటే నువ్వే సంతకం పెట్టు. దవాఖాన కాయితానికి ఒక మనిషి పేరు గావాలె, గంతే.

ఇసొంటివి నేను పదో పన్నెండో చూసిన. దూడకు తాడు కడితే నాలుగు వేళ్ళు పట్టె సందు ఇడువాలె, నెలకోపారి చూసి వదులు చెయ్యాలె. గంత తెల్వనోళ్ళకు పసురమెందుకు? ఆ కట్టినోళ్ళ చేతులు ఇరిగిపోను. నా మాటగ ఊరంత చెప్పు.

ఇంకో ముచ్చట నీకు తెల్వది, అప్పుడు నువ్వు హన్మకొండ హాస్టల్ల ఉన్నవ్. మూడేండ్ల కింద నేను రిటైరయి కొడుకు కాడికి వచ్చేటప్పుడు, రాజన్న దేవుని పేరు మీద ఒక కోడెదూడను మనూరి అంగడి కాడనే ఇడిచిన. పాల తెలుపు. ఎడమ చెవు కొస చీలి ఉంటది. మెడల ఇత్తడి గంట కట్టిన. ఇప్పుడు మూపురమెత్తి నిగనిగలాడుతుండాలె. కనబడితే నా పేరు చెప్పి బెల్లం పెట్టు. గంట మంచిగ మోగుతున్నదా, రాయి.

మీ అవ్వను నేను కూడ అడిగినట్టు రాసుకో.

మీ అత్త ఉప్పలమ్మ

*

స్టేషన్ ఘన్‌పూర్
13 జూలై

అత్తా,

నువ్వు చెప్పినట్టే ఎడమ భుజం వైపు నుంచి, బెల్లంతో, పంచాయతీరాజ్ చట్టం వల్లెవేసుకుంటూ వెళ్ళాను. మూడో సెక్షన్ దగ్గర అది బెల్లం తిని నన్ను కొట్టుకు ఆనించి నొక్కింది. ద్వాళి రాకపోతే ఈ ఉత్తరం అమ్మ రాసేది.

ద్వాళి తండా నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముతుంది. కోడె రోజూ ఆమె గంపలోంచి ముల్లంగి ఆకు లాక్కుంటుంది, ఆమె తిడుతూనే పెడుతుంది. "ఏం చదివినవ్ అక్కా? పురుగులు తీసే చదువా?" అని అడిగింది. ఇంకా చదువుతున్నానన్నాను. "ఎప్పుడు అయిపోతది మరి" అంటూ తనే రెండు కొమ్ములూ పట్టుకుంది. ఆమె పట్టుకుంటే అది గొర్రెపిల్ల. నేను చిమ్టాతో మొదట్లో లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. మూడు రోజులుగా ఇదే పని. వాసన తగ్గింది. పుండు తగ్గలేదు.

నిన్న ఐలయ్య నోరు విప్పాడు. అది దేవుని కోడె అట. "మొక్కు తాడు కట్టినోళ్ళే ఇప్పాలె బిడ్డా. పరాయి చెయ్యి పడితే, మొక్కు ఎవల కోసం మొక్కిండ్రో వాళ్ళకు తగుల్తది" అన్నాడు. "మరి పుండు?" అన్నాను. "ఆయన కోడెను ఆయన చూసుకోడా?" అన్నాడు. చూసుకోవడానికి ఆయన ఈ మూడేళ్ళలో అంగడి పక్కకు వచ్చినట్టు లేదు. ఊరు మాత్రం వస్తోంది. ఒక చేత్తో అరటిపండు పెడుతుంది, ఇంకో చేత్తో ముక్కు మూసుకుంటుంది, దండం పెట్టడానికి చేతులు చాలక తల వంచుతుంది.

నిన్నటి వానకు దాని ఒంటిమీది బురద చాలావరకు కొట్టుకుపోయింది.

నీ కోడె నాకు కనబడలేదు. ఊరికే అడుగుతున్నాను, నువ్వు కట్టిన తాడు నారదా, నైలానా? ఎన్ని వేళ్ళ సందు వదిలావు? మొక్కు తాడు ఇంకొకరు కోస్తే నిజంగా ఏమవుతుంది? ఐలయ్య మాట నాకు తెలిసింది. నువ్వు దవాఖానలో పనిచేసిన మనిషివి, నీ మాట చెప్పు.

శిరీష

*

భూపాలపల్లి
17 జూలై

బిడ్డా,

కనబడలేదంటే ఏంది? గంత కోడె ఎటు పోతది? కోతకు తోలిండ్రా ఏంది? నాకు రెండు రోజుల సంది బువ్వ సయిస్తలేదు. నీ పుండు కోడె సంగతి తర్వాత, ముందు నాది ఎతుకు. జఫర్‌గఢ్ తొవ్వ పొంటి చూడు. ఐలయ్యను అడుగు, నేను తాడు కట్టిన నాడు కొబ్బరికాయ పట్టుకొని నిలబడ్డది వాడే.

నారది కాదు. నైలాన్ తాడుల ఇనుప తీగె కలిపి పేనిన. తెగొద్దని. రెండు వేళ్ళ సందు ఇడిచిన. నువ్వు ఏదో మనసుల పెట్టుకొని అడుగుతున్నవ్, నేను చెప్తున్న విను. మూడేండ్ల కింద బొగ్గుబాయిల బండ పడి మీ రాజు బావ నడుము నలిగింది నీకు ఎరుకే. పంతొమ్మిది దినాలు మంచం మీద కాలు కదలలే. లేచి నడిస్తే కోడెను ఇడుస్త రాజన్నా, నా తాడు దాని మెడల ఉన్నంత కాలం వాడు బాయిల నుంచి ఇంటికి రావాలె అని మొక్కిన. ఇరవయ్యో దినం కాలు కదిపిండు. ఇది వానికి తెల్వది. చెప్తే నవ్వుతడు, చెప్పకు.

తాడు తెగితే ఏమైతదని అడిగినవ్. ఏమైతదో నాకు తెల్వది. తెలుసుకునుడు నాకు వద్దు. ఊర్ల ఎవ్వల పసురమన్న ఉంటే దాని తాడు కొయ్యి. దేవుని దాన్ని మాత్రం ముట్టకు.

గంట చప్పుడుకు చెవు పెట్టి ఎతుకు. మంచి గంట అది, అరకిలోమీటరు వినొస్తుండె. నాకే వినొస్తుండె.

మీ అత్త

*

స్టేషన్ ఘన్‌పూర్
20 జూలై

అత్తా,

నీ కోడె మొదటి రోజే దొరికింది. నాకు నీ మొదటి ఉత్తరం రెండో పేజీ చదివేదాకా తెలియలేదు. బురద పోయాక తెల్లగా తేలింది. ఎడమ చెవి కొస చీలి ఉంది. గొంతు కింద గడ్డ అన్నానే, అది గడ్డ కాదు. నీ ఇత్తడి గంట. సగం చర్మంలోకి పూడిపోయింది. అది మోగి ఎన్నాళ్ళయిందో ఇక్కడ ఎవరికీ గుర్తులేదు.

కనబడలేదని అబద్ధం రాశాను. కట్టినవాళ్ళ గురించి ఊరంతా చెప్పమన్నావు చూడు, ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఐలయ్యా వాళ్ళూ టీ గ్లాసుల్లోకి ఎందుకు చూశారో ఇప్పుడు అర్థమైంది. తాడెవరిదో వాళ్ళకు తెలుసు, నేనెవరి మేనకోడలినో తెలుసు.

కోయమని రాసిందీ నువ్వే, ముట్టొద్దని రాసిందీ నువ్వే. ఎవ్వలడ్డమొచ్చినా కొయ్యి అన్నావు, ఇప్పుడు అడ్డమొచ్చింది నువ్వు. నేను జఫర్‌గఢ్ దవాఖాన ఉప్పలమ్మ మాట వింటాను.

బావ సంగతి నాకు పట్టదనుకోకు. నాన్న చనిపోయిన ఏడాది నా ఫీజు కట్టడానికి కాలేజీకి వచ్చి, మూడు గంటలు లైన్లో నిలబడ్డది ఆయనే, ఆ నలిగిన నడుముతో. అందుకే చెప్తున్నాను. ఊపిరాడని గొడ్డు మెడలో మనిషి ఊపిరిని కట్టిపెట్టావు. ఆ తాడు లోపలికి దిగుతూనే ఉంది. ఇంకో నెలలో గొంతు దాకా పోతుందని రాధ మేడం అంది. అప్పుడు కోడే ఉండదు, తాడూ ఉండదు. ఆ రోజు ఏం చేస్తావు?

వచ్చే సోమవారం, 28న, పొద్దున పదింటికి. సోమవారం రాజన్న రోజని కావాలనే పెట్టించాను. ఆయన చూస్తుండగానే కోస్తాం. నువ్వు వస్తే పట్టుకారు నీ చేతికిస్తాను. కట్టిన చెయ్యే కోసినట్టవుతుంది, ఐలయ్య నోరూ మూతపడుతుంది. రాకపోతే నేనే కోస్తాను.

రా అత్తా.

శిరీష

*

భూపాలపల్లి
23 జూలై

శిరీషా,

అది నా కోడె కాదు. చెవులు చీలిన కోడెలు లోకంల మస్తుగుంటయ్. ఇరవై ఆరేండ్లు పుండ్లు కడిగినదాన్ని, నేను అట్ల కట్టను.

ఒకవేళ నాదే అయితే ముట్టకు. ఈ నెల సంది రాజును లోపటి పనికి ఏసిండ్రు. పొద్దుగాల ఏడింటికి దిగుతడు, మూడింటికి ఎక్కుతడు. నువ్వు పదింటికి కోస్తనంటవ్. పదింటికి వాడెక్కడుంటడో ఎరుకేనా నీకు? భూమి లోపట ఉంటడు.

నేను రాను. నువ్వు కోస్తే ఈ గడప తొక్కకు.

ఉప్పలమ్మ

*

స్టేషన్ ఘన్‌పూర్
28 జూలై, సాయంత్రం

అత్తా,

నీ ఉత్తరం శనివారం అందింది. నిన్నంతా నాకూ అన్నం సయించలేదు. ఇవాళ పదీ పదికి కోశాం.

కోపంగా ఉన్నా చదువు. కోడె నీది, జరిగింది నీకు తెలియాలి.

ద్వాళి ముల్లంగి ఆకు చూపిస్తూ ముందు నడిచింది, నేను వెనక. దవాఖాన దాకా ఊరు ఊరంతా వచ్చింది. ఆపడానికి వచ్చినవాళ్ళు కొందరు, ఏమవుతుందో చూడటానికి వచ్చినవాళ్ళు చాలామంది. ఒకాయన గేటు కాడ అడ్డం నిలబడి "ఆడివిల్లవు, నీకెందుకు దేవునితోని?" అన్నాడు. దేవుడితో నాకు తగాదా లేదు, తాడుతోనే ఉంది, జరుగు అన్నాను. నేను చెప్తే జరగలేదు, కోడె కొమ్ము ఊపితే జరిగాడు.

కాగితం మీద యజమాని అన్న చోట శిరీష అని సంతకం పెట్టాను. చూస్తున్నవాళ్ళలోంచి ఎవరో అన్నారు, "ఇగ కోడె చేన్ల పడ్డప్పుడల్ల మీ ఇంటికే వస్తం." రండి, టీ ఇస్తాను, ఐలయ్యది కాదు, మంచిది అన్నాను. ఐలయ్య అక్కడే ఉన్నాడు. చేతిలో వేడినీళ్ళ బకెట్. హోటల్ పొయ్యి మీద కాచి తెచ్చాడు. నేను చూసేసరికి బకెట్ కింద పెట్టేసి "నేను ముట్టలే. నీళ్ళే ఇచ్చిన" అన్నాడు.

మత్తెక్కాక రాధ మేడం గాడి తెరిచింది. కత్తెర తెగ్గొట్టలేదు. "లోపల తీగె ఉందే! ఇంత గట్టిగా పేనిందెవరు?" అంది. నేను చెప్పలేదు. లారీ మెకానిక్ దగ్గర ముందే తెచ్చిపెట్టుకున్న పెద్ద పట్టుకారు తీశాను. రెండు చేతులతో నేనే నొక్కాను. టక్కుమని తెగింది. ఆ చప్పుడుకు అందరూ పైకి చూశారు, ఆకాశం వైపు. ఆకాశంలో ఏమీ లేదు. గంట ఊడదీసి కడిగాను. నాలుక తుప్పుపట్టింది కానీ మోగింది.

మత్తు దిగి లేచాక ద్వాళి ముల్లంగి ఆకు పెట్టింది. మెడ చాచలేదు అత్తా. కళ్ళు మూసుకోలేదు. ఊరికే నమిలి మింగింది.

నేను ధైర్యవంతురాలినని నువ్వు అనుకుంటావు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. పదీ పది నుంచి మూడింటి దాకా నాకు ఏ పుస్తకమూ తెరవబుద్ధి కాలేదు. మూడూ పదికి బావకు మెసేజ్ పెట్టాను, తిన్నావా అని. "ఇప్పుడే పైకొచ్చిన. ఏందే కొత్తగ?" అని జవాబిచ్చాడు. దాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పను.

గడప తొక్కొద్దన్నావు, తొక్కను. పొరపాటు చేశానని మాత్రం నాతో అనిపించలేవు.

శిరీష

*

భూపాలపల్లి
2 ఆగస్టు

బిడ్డా శిరీషా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అది రాకముందే నాకు తెలుసు నువ్వు కోసినవని. మా అన్న బిడ్డవు, చెప్తే వింటవా.

సోమారం పొద్దుగాల రాజు ఎనుకనే నేను పోయిన, వానికి తెల్వకుంట. బాయి గేటుకు ఎదురుంగ చాయ్ బండి కాడ కూసున్న. లోపట ఏదన్నయితే సైరన్ కొడ్తరు గద. నాకు వినబడదని భయమైంది. బియ్యం డబ్బల నుంచి చెవు మిషను తీసి పెట్టుకొని పోయిన. ఎంత లొల్లి బిడ్డా లోకంల. లారీలు, కాకులు, చాయ్ గిలాసలు. అన్నిట్ల సైరనే వినొస్తదేమోనని ఒక్కొక్క చప్పుడు ఏరుకుంట కూసున్న. పదింటికి లేచి నిలవడ్డ. పదిన్నర దాక నిలవడ్డ. సైరన్ కొట్టలే.

మూడింటికి అందరు ఎక్కిండ్రు. వాడు ఎనుకబడ్డడు. పదిమంది వచ్చిండ్రు, ఇరవై మంది వచ్చిండ్రు, వాడు లేడు. నా పానం ఎటు పోయిందో నాకే ఎరుక. ఆఖరికి ఫోన్ చూసుకుంట వచ్చిండు. మొఖమంత బొగ్గు, నవ్వితే పండ్లు తెలుపు. "అవ్వా, నువ్వు ఈడున్నవ్, శిరీషేమో తిన్నవా అని అడుగుతున్నది. మీ ఇద్దరికి ఏమైంది ఇయ్యాల?" అన్నడు. మెల్లగనే అన్నడు. ఒక్క మాట పోకుంట వినొచ్చింది.

వానికి అంత చెప్పిన. నవ్వలే. "నా పేరు మీద దాన్ని ఉరేసినవా అవ్వా?" అన్నడు. ఇంటికొచ్చినంక చీరెల మీది దుమ్ము వాడే దులిపిండు.

నేను అట్ల కట్టను అని రాసిన గద. కట్టిన. నాలుగు వేళ్ళు ఇడువాలని తెలిసి రెండే ఇడిచిన. వదులుగుంటే జారిపోతది, జారితే మొక్కు పోతదని. నెలకోపారి వచ్చి చూస్త అనుకున్న, ఒక్కపారి రాలే. ఊరి పసురాలన్నిటికి చెప్పిన బుద్ధి, నా పసురం కాడికి వచ్చేసరికి దేవునికి అప్పజెప్పిన.

కట్టినోళ్ళ చేతులు ఇరగాలె అని తిట్టిన. ఆ తిట్టు ఎనుకకు తీసుకోను. కట్టింది ఎవలో ఊరంత చెప్పు, నా మాటగనే చెప్పు. చేన్ల పడ్డదని వచ్చినోళ్ళను నా మీదికి తోలు, మిషను తీసి పక్కన పెట్టి అందరి మాట ఇంట.

బుధారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. ఐలయ్యను నీళ్ళు కాగబెట్టుమను, ఈపారి ముట్టుమను. గంట నీకాడనే ఉంచు, దేని మెడకు కట్టకు. అప్పటిదాక పుండు మీది కట్టు నువ్వు ఇప్పకు. నేను ఇప్పుత. చేతులు ఇంక ఇరగలేదు.

ఆ తాడు కట్టిన ఉప్పలమ్మ